తువ్వాలు కింద చెప్పిన రిపోర్టు

మొన్న మా మనవరాలు డాక్టరు పరీక్ష పాసై స్వీట్లు పట్టుకొచ్చింది. నేను సగం లడ్డు తినకముందే, "అమ్మమ్మా, మీ రోజుల్లో ఏ మిషనూ లేకుండా గుండెనొప్పి వాళ్ళని ఎలా చూసేవారు, పాపం?" అని అడిగింది. ఆ 'పాపం' అన్నదానికి నాకు ఒళ్ళు మండింది. "ఎలా ఏంటే? బ్రహ్మాండంగా చూశాం! కూర్చో ఇలా," అన్నాను. నేను ముగించేసరికి పిల్ల నవ్వి నవ్వి డొక్కలు పట్టుకుని లేచింది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం. నాకు జరిగిన సన్మానాల గురించి రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

ముందు ఆవకాయ సంగతి అడగండి

నేను నూజివీడులో పనికి చేరింది పంతొమ్మిది వందల యాభైల చివర్లో, డాక్టరు పరాంకుశం గారి ఆస్పత్రిలో. ఆస్పత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. పెంకుటిల్లు, వసారాలో బల్లలు, లోపల నాలుగైదు మంచాలు. పురుళ్ళు పోయడానికని నన్ను పిలిపించి, చేరిన మర్నాడే ఓపీలో కూర్చోబెట్టారు. "పురుళ్ళు వాటంతటవే వస్తాయి అమ్మాయ్. ఈలోగా ఈ జనాన్ని చూడు," అన్నారు.

పరాంకుశం గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ముక్కులో నశ్యంతో ఉండేవారు. గొంతు మాత్రం దండోరా గొంతు. ఆయన గదిలో పేషెంటుతో రహస్యం మాట్లాడితే బస్టాండులో వినిపించేది. తిట్టడం మొదలుపెడితే ఆపడం ఆయన చేతిలో కూడా ఉండేది కాదు. ఆయనంటే నాకు ప్రాణం. అప్పుడు భయం కూడానూ.

ఏప్రిల్ దాటి కొత్తావకాయ జాడీలు తెరిచారంటే మా వసారా నిండిపోయేది. అందరిదీ ఒకటే మాట: "గుండెల్లో మంటండీ, ఇక్కడ పట్టేసిందండీ." పరాంకుశం గారు స్టెతస్కోపు తీయకుండానే అడిగేవారు: "ఎన్ని ముద్దలు తిన్నావ్?" అవతలివాడు సిగ్గుపడ్డాడంటే రోగం తేలిపోయినట్టే. ఒకాయనైతే, "ఆవకాయ కాదండీ, మాగాయ," అని గుండె మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. సోడా ఉప్పు మందిచ్చి పంపాం. పుస్తకాల్లో గుండెనొప్పి అధ్యాయం చదివి వచ్చిన నాకు ఇదంతా ఘోరంగా అనిపించింది. ఇదేం వైద్యం అనుకున్నాను.

డాక్టరమ్మ బస్సు

అప్పట్లో మా చుట్టుపక్కల గుండె గీతలు తీసే మిషను బెజవాడలో మాత్రమే ఉండేది, ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర. నేను కొత్త కదా, పుస్తకం వేడి ఇంకా చల్లారలేదు. ఛాతీ పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ "బెజవాడ వెళ్ళి పరీక్ష చేయించుకురండి" అని రాసిచ్చేశాను. ముసునూరు వాళ్ళకి రాశాను, మైలవరం వాళ్ళకి రాశాను, దగ్గు వచ్చి ఛాతీ నొప్పెడుతోందన్న పెళ్ళికొడుక్కి కూడా రాశాను.

ఓ రోజు బెజవాడ బస్సు కండక్టరు ఒక పెద్ద అరటి గెల మోసుకుంటూ ఓపీకి వచ్చాడు. వచ్చి నాకు దణ్ణం పెట్టాడు.

"ఏంటయ్యా, ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదండీ. మీ దయవల్ల పొద్దుటి బస్సు రోజూ నిండిపోతోందండీ. మా వాళ్ళంతా డాక్టరమ్మ బస్సు అంటున్నారు. ఓనరు గారు ఈ గెల ఇచ్చి రమ్మన్నారండీ."

లోపలి గదిలోంచి ఈ మాట విని పరాంకుశం గారు బయటికి వచ్చారు. గెల వైపు చూశారు, నా వైపు చూశారు. నేల చీలితే బాగుండుననిపించింది. తిడతారనుకుంటే తిట్టలేదు. ఒక పండు ఒలుచుకుని తింటూ, "ఆ పరీక్ష ఖరీదెంత అమ్మాయ్?" అని అడిగారు.

ఆ డాక్టరు గారి ఫీజు చెప్పాను.

"అది ఆయన తీసుకునేది. వీళ్ళకయ్యేదెంత? పోనూ రానూ బస్సు. ఒక్కరూ వెళ్ళరు, బావమరిదిని తోడు తీసుకెళ్తారు. ఇద్దరి కూలీ పోయింది. హోటల్లో భోజనం. బావమరిది ఊరికే రాడు, సినిమా చూపించమంటాడు. ఇంటి దగ్గర పిల్లలకి ఏదో ఒకటి కొనాలి. రాకపోకల్లో ఆ మనిషి బెంగతో సగం చిక్కిపోతాడు. ఇవన్నీ కూడి, అప్పుడు రాయి చీటీ. రాయాల్సిన వాడికి ఇల్లు తాకట్టు పెట్టించైనా రాయి. అక్కర్లేనివాడికి ఒక్క పైసా కూడా ఖర్చు పెట్టించకు."

ఆ వారమే మరియమ్మ వచ్చింది. మామిడి బజార్లో బుట్టలు మోసే మనిషి. ఎడమవైపు రొమ్ము కింద పోటు, ఊపిరి తీస్తే పొడుస్తోందంది. నా చెయ్యి అలవాటుగా చీటీ మీదికి పోయింది. పరాంకుశం గారు మా వంటింట్లోంచి ఖాళీ బుట్ట తెప్పించి, "ఎలా ఎత్తుతావో చూపించు," అన్నారు. మరియమ్మ వంగి ఎత్తబోయి "అబ్బా!" అంది. నేను వేలితో నొక్కి చూస్తే సరిగ్గా ఒక్క పక్కటెముక దగ్గర గిలగిల్లాడింది. కండరం పట్టేసింది, అంతే! కాపడం పెట్టుకోమని, కొన్నాళ్ళు కుడిభుజం మీద మొయ్యమని చెప్పాం. మరియమ్మ పకపకా నవ్వుతూ వెళ్ళింది, పరీక్షకని దాచుకున్న డబ్బుతో అదే రోజు చీర కొనుక్కుంది. మర్నాడు కట్టుకొచ్చి చూపించింది కూడా.

పరాంకుశం గారు దేవుడేం కాదు. ఒకసారి దవడ నొప్పి అని వచ్చిన స్కూలు మేష్టారికి పంటి నొప్పి అని లవంగ నూనె ఇచ్చి పంపారు. అది గుండె నుంచి ఎక్కిన నొప్పి. మేష్టారు మంచాన పడి, ఎలాగో బయటపడ్డారు. ఆయన లేచి తిరిగేదాకా పరాంకుశం గారు రోజూ వాళ్ళింటికి నడిచి వెళ్ళేవారు. ఆ తర్వాత మా ఓపీలో ఒక ప్రశ్న ఖాయమైంది: "నడిస్తే వస్తోందా? ఆగితే పోతోందా?" అవునన్నవాడిని మాత్రం వదలకూడదు. మీరు ఎన్ని మిషన్లు కొనుక్కున్నా ఈ ప్రశ్న అడగడం మానకండి.

రత్నయ్య గారికి డబ్బు లెక్క కాదు

ఆ ప్రశ్నకి అవునన్నవాళ్ళలో నేను ఎప్పటికీ మరిచిపోలేని మనిషి రత్నయ్య గారు. మామిడి వ్యాపారి. పూత మీదే తోటలు కొనేవారు. కొంత అడ్వాన్సు ఇచ్చి, కాయ అమ్మాక మిగతాది ఇచ్చే పద్ధతి. రైతులకి ఆయన మాటే పత్రం. ఆయన దగ్గరే నేను రసాలు కొనేదాన్ని, తువ్వాలు కింద బేరం కూడా ఆయనే నేర్పారు. మా బజార్లో ధర పైకి చెప్పరు కదా. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకుని, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, గుప్పెటంతా పడితే అయిదు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఆ ఇద్దరికి తప్ప తెలియదు.

కోతలు మొదలైన రోజుల్లో రత్నయ్య గారు మా ఓపీకి వచ్చారు, మా ఆస్పత్రికి మామిడిపళ్ళు ఇచ్చే మిషతో. తలుపు వేసి నెమ్మదిగా చెప్పారు. "భోంచేసి కొట్టుకి నడిస్తే ఇక్కడ బండ పెట్టినట్టుంటోందమ్మా. కాసేపు నిలబడితే పోతోంది."

ఆవకాయ ప్రశ్న అడగలేదు నేను. "మీరు రేపే బెజవాడ వెళ్ళి గుండె పరీక్ష చేయించుకోవాలండీ," అన్నాను.

"వెళ్ళను," అన్నారు.

"ఫీజు గురించా?"

"ఆ ఫీజుకి పదిరెట్లు ఇస్తానమ్మా! నేను ఆ డాక్టరు గారి మెట్లు ఎక్కానంటే పొద్దుగూకేలోగా ముసునూరు దాకా తెలుస్తుంది. రత్నయ్యకి గుండెజబ్బట, ఎప్పుడు పోతాడో ఏంటో, మన బాకీ ఎవరిస్తారు అని రైతులంతా నా కొట్టు ముందుంటారు. కాయ ఇంకొకరికి తోలేస్తారు. నేను గుండెజబ్బుతో చావక్కర్లేదు, ఆ దెబ్బతోనే పోతాను."

అదండీ ఆయన పరీక్షకి ఖరీదు. చేయించుకుంటే వ్యాపారం పోతుంది, చేయించుకోకపోతే ప్రాణం పోవచ్చు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఇచ్చి, బతిమాలి, చివరికి కసిరాను. కసిరితే ఒప్పుకున్నారు. మేనకోడలికి సంబంధం చూడ్డానికి వెళ్తున్నానని ఊళ్ళో చెప్పి బయల్దేరారు.

తర్వాత జరిగింది రత్నయ్య గారే చెప్పారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుకుంటారు కాబట్టి నేను రాసినా తప్పులేదు. మండుటెండలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తలకి రైతులా పాగా చుట్టుకుని వెళ్ళారట. పేరడిగితే సొంత పేరు చెప్పడం ఇష్టంలేక, నోటికొచ్చిన పేరు చెప్పారు. నోటికి ఏ పేరొస్తుంది? బజార్లో ఎదుటి కొట్టు ఆయన, పోటీ వ్యాపారి కోటయ్య గారి పేరు! 'కోటయ్య' అని చెప్పి బల్ల మీద కూర్చున్నారు. పక్కన ఎవరో పంటినొప్పి వాడిలా దవడకి గుడ్డకట్టుకుని, మొహం గోడకి తిప్పుకుని కూర్చున్నాడు.

కాసేపటికి కాంపౌండరు వచ్చి, "నూజివీడు కోటయ్య గారూ!" అని పిలిచాడు.

ఇద్దరూ లేచారు.

పేరు మార్చి చెప్పినాయన లేవాలి కాబట్టి లేచారు. దవడకి గుడ్డ కట్టుకున్నాయన తన పేరు వినబడింది కాబట్టి లేచాడు. ఆయన సాక్షాత్తూ కోటయ్య గారే! ఇద్దరూ మొహాలు మొహాలు చూసుకున్నారు. ఇంతలో కాంపౌండరు పుస్తకంలో చూసి, "కంగారు పడకండి, తర్వాత రత్నయ్య గారు," అన్నాడు. కోటయ్య గారు ఏ పేరు రాయించారో అర్థమైంది కదా.

ఇద్దరూ చెరో గుమ్మంలోంచి పరుగు. పరీక్ష లేదు, ఏమీ లేదు. ఇంత చేసీ ఊరికి బస్సు ఒక్కటే! నూజివీడు దాకా పక్కపక్కన కూర్చుని, ఒక్క ముక్క మాట్లాడుకోకుండా వచ్చారట. ఒకరి సంగతి ఒకరు బయటపెడదామంటే, నువ్వెందుకు వెళ్ళావక్కడికి అని అడుగుతారు కదా జనం!

నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను. రత్నయ్య గారి ముఖం చూస్తే నవ్వు దానంతటదే పోయింది. బస్టాండు నుంచి మా ఆస్పత్రికి నడిచి వచ్చేలోగా మూడుచోట్ల ఆగారట.

బజారంతా మంచమెక్కింది

పరాంకుశం గారికి చెప్పాను. ఆయన నవ్విన నవ్వుకి నశ్యం డబ్బా కిందపడి గదంతా తుమ్ములు. తుమ్ములు తగ్గాక, "ఒక్కడు వెళ్తే అనుమానం. బజారంతా వెళ్తే తిరనాళ్ళు. మిషన్నే ఇక్కడికి తెప్పిద్దాం," అన్నారు.

బెజవాడ డాక్టరు గారు ఆయన శిష్యుడు, పైగా చిన్న రసాల పిచ్చి. ఫీజు బదులు ఆ వేసవంతా పళ్ళు పంపే ఏర్పాటు జరిగింది. బజారు వ్యాపారులంతా తలా బుట్ట ఇస్తామన్నారు. బుట్ట పళ్ళకి గుండె పరీక్షంటే ఎవరికి చేదు?

ఓ ఆదివారం పొద్దున్నే మామిడి బజార్లో మిషను కారులో దిగింది. పందిరి కింద నులక మంచం వేశాం, ఆడవాళ్ళకి గోనెపట్టాలు కట్టి చాటు చేశాం. ఎదుటి మిల్లు మోటారు తిరుగుతుంటే మిషను ముల్లు తెగ వణికిపోయింది, మిల్లు ఆపించాం. కాళ్ళకీ చేతులకీ కట్టే పట్టీల కింద ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డలు పెట్టాం. గీతలు పడే కాగితం చుట్ట పైదేశాల నుంచి వచ్చే సీమ సరుకు, తక్కువుంది. అందుకని మామూలువాళ్ళకి జానెడు, నడిస్తే నొప్పి అన్నవాళ్ళకి పూర్తిగా తియ్యాలని నిర్ణయం.

"కరెంటు పెడతారంటగా?" అని ఒక్కరూ ముందుకు రారే! చివరికి పరాంకుశం గారే చొక్కా విప్పి మంచమెక్కారు. గీతలు చక్కగా వచ్చాయి. "అయితే మన డాక్టరు గారికి గుండె ఉందర్రోయ్!" అని ఎవడో వెనకనుంచి అరిచాడు. ఇక చూసుకోండి, తోసుకుంటూ వచ్చారు. మరియమ్మ కొత్త చీరలో వచ్చి ఆడవాళ్ళ వరసలో మొదట నిలబడింది.

అక్కడే మా ఎత్తుకి చిల్లు పడింది. పరాంకుశం గారు ఉత్సాహం పట్టలేక, మొదటివాడి రిపోర్టు ఆ దండోరా గొంతుతో పైకి చదివారు. "సుబ్బయ్య గుండె, బాగుంది!" అంతే. అది బజారు కదా, ఎవరు గట్టిగా అరిస్తే అటు మూగడం వాళ్ళకి అలవాటు. ప్రతి రిపోర్టుకీ చప్పట్లు, ఈలలు. ప్రతివాడి రిపోర్టూ పైకి చదవాల్సిందేనని పట్టు. ఆపుదామని నేను ఆయన మోచెయ్యి గిల్లాను, ఆయన "ఏంటి అమ్మాయ్, దోమా?" అన్నారు.

రత్నయ్య గారి వంతు వచ్చింది. పూర్తి కాగితం తీశారు. బెజవాడ డాక్టరు గారు చూసి, ఏమీ ఎరగనట్టు నాకు అందించారు. చూశాను. గుండెకి ఎప్పుడో ఒక దెబ్బ తగిలి మానిన గుర్తు స్పష్టంగా ఉంది. అజీర్తి అనుకుని ఆయన ఏ రోజో భరించేశారన్నమాట.

"ఏమొచ్చిందండీ రత్నయ్య గారికి?" అని జనం. వాళ్ళలో ఆయనకి తోటలిచ్చిన రైతులు ఉన్నారు. పరాంకుశం గారు కాగితం కోసం చెయ్యి చాపారు. ఆయన అబద్ధం చెప్పరు. మెల్లిగా చెప్పడం రాదు.

నేను కాగితం గుప్పెట్లో నలిపేసి, రత్నయ్య గారి భుజం మీది తువ్వాలు లాగాను. "రిపోర్టు ఎక్కడికీ పోదు. ముందు నా రసాల బేరం తేల్చండి, నిన్నట్నుంచి తిప్పుతున్నారు!" అని గట్టిగా అన్నాను.

"డాక్టరమ్మ గారు బేరమాడుతున్నారోయ్!" బజారు గొల్లుమంది. ఆడమనిషి తువ్వాలు కింద చెయ్యిపెట్టడం వాళ్ళు ఎన్నడైనా చూశారా! చుట్టూ మూగిపోయారు. నా చెవులు వేడెక్కిపోయాయి, నవ్వు తన్నుకొస్తోంది, ఏడుపూ వస్తోంది.

తువ్వాలు కింద ఆయన చెయ్యి తడితడిగా ఉంది. నేను ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఆయన నా కళ్ళలోకి చూశారు. రిపోర్టు బాగాలేదని ఆయనకి అర్థమైంది.

నా వైపు వంగి, నాకు మాత్రమే వినబడేలా, "ఇంకా ఎన్ని మామిడి కాపులు చూస్తానమ్మా?" అన్నారు. నా వేలు ఒక్కటి పట్టుకున్నారు. ఒక కాపా, అంటే ఒక్క ఏడాదేనా? తల అడ్డంగా ఊపాను. రెండు వేళ్ళు పట్టుకున్నారు. ఈ ప్రశ్నకి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు, ఏ మిషనూ చెప్పదు. ఆ క్షణంలో నాకు ఏం తోచిందో, ఆయన చెయ్యి లాక్కుని గుప్పెటంతా పట్టుకున్నాను. అయిదు!

ఆయన వదిలితేనా? వ్యాపారి కదా! చెయ్యి అలాగే బిగించి ఉంచారు, చాలదన్నట్టు. మళ్ళీ గుప్పెటంతా నొక్కాను. ఊహూ. ఆయన మీసాల కింద నవ్వు మొదలైంది. ప్రాణం మీదికొచ్చిన మనిషి నాతో బేరమాడుతున్నాడు! మూడోసారి నొక్కాను. అప్పుడు చెయ్యి వదిలి, "ఖాయం!" అని అరిచారు.

"ఎంతకండీ, ఎంతకి?" అని జనం.

"తువ్వాలు కింద మాట పైకి చెప్తారట్రా ఎక్కడైనా?" అన్నారాయన.

"మరి రిపోర్టో?" అన్నాడొక రైతు, వదలకుండా.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ కోటయ్య గారు వచ్చి, చొక్కా విప్పేసి, ధబాలున మంచమెక్కారు. రత్నయ్య గారి మొహం ఆయన ఒక్క చూపులో చదివేశారని ఆ తొందర చూస్తేనే నాకు తెలిసిపోయింది. "పాతికేళ్ళుగా ఆయనతో పోటీ పడి చస్తున్నాను, ఆయన గుండె సంగతి నన్నడగండి! నాలాంటోళ్ళని పదిమందిని పాతేస్తాడు. ముందు నాది చూడండయ్యా, నాకు భయంగా ఉంది!" అని రంకెలేశారు. పోటీవాడు ఒప్పుకున్నాక ఇంకెవరికి అనుమానం? రైతులు నవ్వుతూ అటు తిరిగారు. కోటయ్య గారిది శుభ్రమైన గుండె. ఆయన నొప్పి ఆవకాయే. పరాంకుశం గారు ఆ మాట బస్టాండు దాకా వినబడేలా చదివారు.

కొత్త బేరం

రత్నయ్య గారు చుట్ట మానేశారు. భోంచేయగానే నడవడం మానేశారు. బొడ్లో సంచీలో నాలుక కింది మాత్రలుండేవి. ఆ ఏడాది ఒక్క రైతు కూడా కాయ వేరేచోటికి తోలలేదు. కోటయ్య గారూ ఆయనా అదే బజార్లో ఎదురెదురుగా పోట్లాడుకుంటూనే వ్యాపారం చేశారు.

ఏటా తొలికోత పళ్ళు పట్టుకుని మా ఓపీకి వచ్చేవారు. "ఇంకా ఇన్ని కాపులు రావాలమ్మా నాకు," అని వేళ్ళు చూపించేవారు, మొదట్లో పది వేళ్ళూ చాలక మళ్ళీ మొదలుపెట్టేవారు. ఏటా ఒక వేలు తగ్గేది. ఆ వేళ్ళు చూపిస్తూ ఆయన నవ్వేవారు, చూసిన నాకు నిద్రపట్టేది కాదు. అలా అలా నేనిచ్చిన పదిహేనూ అయిపోయాయి.

ఆ మరుసటి వేసవికి మా ఆస్పత్రిలోనే కొత్త మిషను ఉంది. రత్నయ్య గారు జుట్టంతా తెల్లబడి, కర్ర ఊతంతో వచ్చారు. నేను పట్టీలు తీయబోతుంటే, "అది తర్వాతమ్మా," అన్నారు. భుజం మీది తువ్వాలు తీసి నా బల్ల మీద పరిచారు. "పాత బేరం చెల్లిపోయింది," అని దాని కింద చెయ్యి పెట్టి కూర్చున్నారు.

వెంటనే ఇచ్చేస్తానా? నేనూ అన్నేళ్ళు నూజివీడులో ఉన్నదాన్నే. కాసేపు బెట్టు చేశాను, కళ్ళు తుడుచుకున్నాను, అప్పుడు పట్టుకున్నాను గుప్పెటంతా.